ఇతరములు: ఒకటి

ఆ రోజు వీరలక్ష్మి చేయవలసిన పనులు ఇవి.

పాలు కాచాలి. అత్తగారికి పరగడుపు మాత్ర ఇచ్చి, సరిగ్గా అరగంటకి కాఫీ ఇవ్వాలి. ఒక్క నిమిషం ముందైనా వెనకైనా మాట పడాలి. ఇడ్లీ వేయాలి. చట్నీ అత్తగారికి కారం లేకుండా ఒకసారి, భర్త జయకృష్ణకి కారంగా ఒకసారి, రెండుసార్లు రుబ్బాలి. కూతురు ప్రియాంకకి జడలు వేయాలి. సోషల్ ప్రాజెక్టు చార్టు ఎక్కడ పెట్టిందో ఆ పిల్లకి తెలియదు కాబట్టి వెతికి చేతికివ్వాలి. ఎనిమిది లోపు తూర్పు కిటికీలు మూసేయాలి. పడమటి కిటికీకి గోనెపట్టా కట్టి, పైన సజ్జ మీద నీళ్ళ బకెట్టు ఎక్కించి, పట్టా కొస అందులో ముంచి వదలాలి. అలా వదిలితే సాయంత్రం దాకా దానంతటదే తడుస్తూ ఉంటుంది, ఎవరినీ బతిమాలక్కర్లేదు. తొమ్మిదిన్నరకల్లా ఉప్పు కచేరీకి చేరాలి. అక్కడ ఆరు గదుల్లో పెట్టిన మీటర్లలోంచి వేడి లెక్కలు ల్యాప్‌టాప్‌లోకి దించుకోవాలి. ఇంటికొచ్చాక డాబా మీద ఆరు బకెట్ల నీళ్ళు చల్లాలి. మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు, రేపటి నుంచి పది రోజులు కిటికీల జోలికి రావద్దని పోలమ్మతో చెప్పాలి.

అన్నిటిలోకీ చిన్న పని ఆఖరిదే. రెండు మాటల పని. మిగతావన్నీ ఒకదాని వెనక ఒకటి చేసుకొచ్చి, దాన్ని మాత్రం సాయంత్రం నాలుగు దాకా నెట్టుకొచ్చింది.

బందరులో ఉప్పు కచేరీ ఎక్కడంటే పాతవాళ్ళు ఇప్పటికీ వేలు పెట్టి చూపిస్తారు. తెల్లదొరలు ఉప్పు మీద పన్ను వసూలు చేసిన రోజుల్లో కట్టిన మేడ. ఇప్పుడు అందులో ఒక ప్రభుత్వ ఆఫీసు నడుస్తోంది. మూరెడు పైన మందం గోడలు, మనిషిన్నర ఎత్తు టేకు కిటికీలు యాభై ఆరు. ఒక్కో కిటికీ తలుపుకి కింద నిండు చెక్క, పైన ఏటవాలుగా పేర్చిన సన్నటి పలకలు. మధ్యలో నిలువు కర్ర. కర్ర పైకి తోస్తే పలకలన్నీ ఒక్కసారిగా మూసుకుంటాయి, కిందికి లాగితే తెరుచుకుంటాయి. పోలమ్మ వాటిని రెప్పలంటుంది. అనడానికి అంతకంటే మంచి మాట వీరలక్ష్మి చదివిన పుస్తకాల్లోనూ లేదు.

పాత ప్రభుత్వ భవనాల్లో కరెంటు ఆదా చేయడానికి కిటికీలు మార్చే పథకం ఒకటి వచ్చింది. పాత చెక్క కిటికీలు తీసేసి, గాలి చొరబడని రెండు పొరల గాజు కిటికీలు పెడతారు. పెట్టే ముందు భవనం ఎంత వేడెక్కుతోందో కొలవాలి. ఆ కొలత పని విజయవాడలో ఒక కన్సల్టెన్సీకి వచ్చింది. వాళ్ళ దగ్గర కాంట్రాక్టు మీద పని చేసే ఫీల్డ్ ఇంజినీరు వీరలక్ష్మి. "కిటికీలు కొలవడానికి బీటెక్ కావాలా? టైలరు చాలడూ?" అన్నాడు జయకృష్ణ, ఆమె ఉద్యోగంలో చేరిన రోజున. సరదాకే అన్నాడు. సరదాకి అన్నదానికి నవ్వకపోతే మొహం ముడుచుకుందంటారు కాబట్టి ఆమె కూడా నవ్వింది. ఆ మాట తర్వాత చుట్టాలొచ్చినప్పుడల్లా చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఆమె నవ్వింది.

నాగాయలంక అవతల సముద్రం ఒడ్డున ఆమె పుట్టిన ఊరు. తండ్రి వీరాంజనేయులు వేటకి వెళ్ళేవాడు, తల్లి ఎండుచేపల గంప ఎత్తుకునేది. గుడివాడ హాస్టల్లో ఉండి చదువుకుంది. ఆ వంశంలో మొదటి డిగ్రీ ఆమెదే. ఇంట్లో మొదటి డిగ్రీ ఉన్నవాళ్ళకి ఒక భయం ఉంటుంది. ఫారంలో ఏ గడైనా తప్పు నింపితే, ఎవరో వచ్చి ఆ డిగ్రీ వెనక్కి తీసుకుపోతారేమోనని. ఆమెకి ఇప్పటికీ కల వస్తుంది, పరీక్ష హాల్లో తన నంబరున్న బల్ల కనపడనట్టు. అందుకే ఆమె ఫారంలో ఏముంటే అదే చేస్తుంది. గడి దాటి రాయదు.

మొదటి పది రోజులు మీటర్లు పెట్టినప్పుడు వచ్చిన లెక్క చూసి ఆమే నమ్మలేదు. బయట నలభై ఒకటి. లోపల ముప్పై రెండు దాటలేదు. మీటర్లు పాడయ్యాయేమోనని మార్చి మార్చి పెట్టింది. అదే లెక్క. మూడో రోజున గానీ ఆమె కంట పడలేదు పోలమ్మ. పడలేదని కాదు, అప్పటికి రెండు రోజులుగా పక్క నుంచే చీపురు పట్టుకుని వెళ్తోంది, చూడలేదంతే.

పోలమ్మది గిలకలదిండి. అరవై దగ్గర పడిన మనిషి. కాగితం మీద పార్ట్ టైమ్ స్వీపరు, పొద్దున రెండు గంటల పని. కానీ ఆరింటికి వచ్చి యాభై ఆరు కిటికీలూ బార్లా తెరిచేది. తొమ్మిది అయ్యేసరికి తూర్పు వైపువన్నీ మూసి, రెప్పలు మాత్రం ఓరగా ఉంచేది. పదకొండు దాటాక పడమటి వడగాలి మొదలయ్యే వేళకి ఆ వైపంతా బిగించేది. మూడింటప్పుడు వరండా చివర నిలబడి తడిచేసిన కొంగు గాలిలోకి పట్టేది. సముద్రం వైపు నుంచి గాలి మళ్ళిందని కొంగు చెప్పగానే తూర్పు కిటికీలన్నీ మళ్ళీ తెరుచుకునేవి. ఇంటికి వెళ్ళబోయే ముందు పై రెప్పలు తెరిచి వదిలి వెళ్ళేది, రాత్రికి గోడల వేడి దిగిపోవాలని. రోజుకి ఐదు చుట్లు. ముప్పై ఒక్క ఏళ్ళు. ఇది చెయ్యమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చేస్తోందని ఎవరూ అనుకోలేదు. ఆఫీసులో అడిగితే సూపరింటెండెంటు పురుషోత్తం గారు, "ఆ కాలం గోడలండీ, అందుకే చల్లదనం," అన్నారు.

కిటికీలకి ఆవిడ పేర్లు కూడా పెట్టుకుంది. కీచుమని అరిచేది గయ్యాళి. ఎంత తోసినా చప్పుడు చేయనిది చెవిటిది. మెట్ల పక్కన ఒకటి ఉండేది, గట్టిగా తోస్తే బిగుసుకుపోతుంది, మెల్లగా తోస్తే వస్తుంది. దాని పేరు కొత్తకోడలు. "దాన్ని ఈ ముప్పై ఏళ్ళలో మెల్లగా తోసిందాన్ని నేనొక్కదాన్నే," అని నవ్వేది. మాటల్లో మాటగా వీరలక్ష్మి తల్లి ఊరూ పేరూ అడిగి, లెక్కలు కట్టి, "అయితే నీకు పెద్దమ్మనవుతా," అని తేల్చేసింది కూడా.

లెక్కలు పంపిన మర్నాడు విజయవాడ నుంచి రాంప్రసాద్ గారు ఫోను చేశారు. ఆమె పై అధికారి. మంచివాడు, ఎప్పుడూ గొంతు పెంచడు.

"ఏమ్మా, ముప్పై రెండేంటి? కోల్డ్ స్టోరేజీలో గానీ పెట్టావా మీటర్లు?"

"లేదండి. అక్కడ పోలమ్మ గారని ఒకావిడ కిటికీలు వేళకి తీసి మూస్తుంటారండి. అందుకని..."

"అదే మరి. ఫార్మాట్ ఏం చెప్తోంది? కిటికీలు మూసి ఉన్న స్థితిలో కొలవాలని. రాష్ట్రమంతా అలాగే కొలిచారు. నువ్వొక్కదానివే తెరిచి కొలిస్తే పోల్చేదెలా? మళ్ళీ పది రోజులు తియ్యమ్మా. ఆవిడకి కిటికీలు ముట్టుకోవద్దని చెప్పు."

ఆ చెప్పడమే ఇప్పుడు సాయంత్రం నాలుగైనా మిగిలిపోయిన పని.

"పెద్దమ్మా, ఒక మాట."

"ఒకటేం, పది సెప్పు. ఉండు, ఈ గయ్యాళి దాన్ని తీసొస్తా." కిటికీ కీచుమంది. "ఊఁ, నోరు సూడు దీనిది. ఇంక సెప్పమ్మాయ్."

"రేపట్నుంచి పది రోజులు కిటికీలు తియ్యద్దంట. ఊడ్చేసి వెళ్ళిపోతే చాలంట."

"ఎవురన్నారు?"

"విజయవాడ ఆఫీసులో. లెక్క కోసం పెద్దమ్మా. మూసి ఉంటే ఎంత వేడెక్కుద్దో చూడాలంట."

"నన్నడిగితే సెప్తా గదా. సచ్చేంత ఎక్కుద్ది." పోలమ్మ నడుము మీద చెయ్యేసుకుని నవ్వింది. "దానికి పది రోజులెందుకే? అన్నం ఉడికిందో లేదో సూడ్డానికి కుండంతా పిసుకుతారా?"

"పది రోజులే. మళ్ళీ మామూలే."

"మంచిదేలే. నా నడుముకీ సెలవు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "అమ్మాయ్, కొత్తకోడల్ని మాత్రం మరీ బిగించమాక. తర్వాత రాదు."

మళ్ళీ మామూలే అన్నది వీరలక్ష్మి నోటి మాట. ఫారంలో లేని మాట అప్పటిదాకా ఆమె ఉద్యోగంలో చెప్పింది అదొక్కటే.

ఆ పది రోజులూ ఉప్పు కచేరీ ఉడికిపోయింది. లోపల ముప్పై ఎనిమిది. గుమాస్తాలు ఫైళ్ళ అట్టలతో విసురుకున్నారు. పోలమ్మ పొద్దున్నే ఊడ్చి, కాసేపు వరండాలో కూర్చుని, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయేది. "పాత కిటికీలండీ, చెదలు పట్టి ఉంటాయి, మార్చాల్సిందే," అన్నారు పురుషోత్తం గారు. అవి టేకువి, వాటిలో చెద లేదు. మొన్నటిదాకా చల్లగా ఉన్నది ఇప్పుడెందుకు ఉడుకుతోందని ఒక్కరైనా అడుగుతారేమోనని వీరలక్ష్మి పది రోజులూ చూసింది. అడిగితే చెప్దామనుకుంది. అడక్కుండా చెప్పడం ఆమెకి అలవాటు లేదు. ఇంట్లోనూ అంతే.

రిపోర్టు రాసేటప్పుడు మాత్రం ధైర్యం చేసింది. చివర ఒక పేజీ తగిలించింది. ఈ కిటికీలు మార్చనక్కరలేదు, విరిగిన పలకలు వేయించి, సందుల్లో రబ్బరు పట్టీ అతికించి, కంప్యూటర్లున్న రెండు గదులకి మాత్రం లోపలి వైపు ఇంకో గాజు తలుపు పెడితే చాలు, వేళకి తీసి మూసే పని పోలమ్మకే పూర్తి ఉద్యోగంగా ఇవ్వాలి, అని. రాంప్రసాద్ గారు ఆ పేజీ చదివారు. చదవకుండా తీసేసి ఉంటే బాగుండేది.

"బాగా రాశావమ్మా. కానీ మనిషిని డిజైన్లో పెట్టకూడదు. మనిషి సెలవు పెడుతుంది, జబ్బు పడుతుంది, పోతుంది. గాజు పోదు."

"గాజు పగుల్తుందండీ," అంది వీరలక్ష్మి. అయితే ఆ మాట ఫోను పెట్టేశాక అంది.

రిపోర్టులో ఇంకో గడి మిగిలింది. 'ఇతర ప్రయోజనాలు.' ఆ రోజు పొద్దున్నే పంపాలి. కుక్కరు మూడో కూతకీ నాలుగో కూతకీ మధ్య, గరిటె చేత్తో పట్టుకునే, ఎడమ చేత్తో టైపు చేసింది: 'దుమ్ము తగ్గును.' నిజమే కదా. గాలి రాని చోటికి దుమ్ము రాదు. పంపేసి కుక్కరు దించింది.

మే నెలలో నాలుగు రోజులు విజయవాడలో ట్రైనింగ్ అన్నారు. నాలుగు రోజులకి సరిపడా పచ్చళ్ళూ పొడులూ చేసిపెట్టి, ఏ డబ్బాలో ఏముందో చీటీలు అంటించి, "నేను లేకపోయినా ఏమీ తెలియకూడదు మీకు," అని చెప్పి వెళ్ళింది. ఐదో రోజు సాయంత్రం వచ్చి గుమ్మంలో కాలు పెట్టేసరికి ఇల్లు మొహం మీద కొట్టింది. పొయ్యి మూత తీసినట్టుంది. జయకృష్ణ చొక్కా విప్పేసి, తడి తువ్వాలు భుజాన వేసుకుని హాల్లో పచార్లు చేస్తున్నాడు. అత్తగారు నేల మీద పడుకుని విసనకర్రతో విసురుకుంటున్నారు. గోనెపట్టా ఎండిపోయి అట్టలా నిలబడి ఉంది. సజ్జ మీద బకెట్టు అలాగే ఉంది, అడుగున తెల్లటి చార.

"ఇలా ఎప్పుడూ లేదమ్మా," అన్నారు అత్తగారు. "మీ మావయ్యగారు కట్టించిన ఇల్లు, ఎండాకాలం తెలిసేది కాదు. ఈ నాలుగు రోజుల నుంచే ఏమైందో ఏంటో."

"ఇల్లు పాతబడిపోయిందే అమ్మా, అంతే," అన్నాడు జయకృష్ణ. "కిటికీలు మార్పించేద్దాం. హాల్లో కూడా ఏసీ పెట్టిద్దాం. లక్ష్మీ, నువ్వు ఆ ఫీల్డే కదా, మంచి వాళ్ళెవరో కనుక్కో."

వీరలక్ష్మి సంచి కింద పెట్టింది.

"నేను లేను కదండీ నాలుగు రోజులు," అంది.

"నువ్వు లేకపోతే? సూర్యుడు ఎక్కువ కాస్తాడా ఏంటి?" అని అతను నవ్వాడు. అత్తగారూ నవ్వారు. అది సరదా మాటే. పన్నెండేళ్ళుగా ఈ ఇంటికి ఎవరొచ్చినా, "మా ఇల్లు భలే చల్లగా ఉంటుందండీ," అని జయకృష్ణ చెప్పేవాడు, "నాన్న ప్లానింగ్ అలాంటిది," అని. ఆ మాట అంటున్నప్పుడు పక్కనే మంచినీళ్ళ గ్లాసుల ట్రేతో నిలబడి ఆమె కూడా అవునన్నట్టు తలూపేది. ఎందుకూపిందో ఇప్పుడు ఆలోచిస్తే తెలియలేదు. మావయ్యగారి మీద గౌరవం కావచ్చు. చేసిన పని చెప్పుకుంటే చవకబారుతనమని తల్లి నేర్పినందుకు కావచ్చు. అసలు దాన్ని పని అని తనే అనుకోకపోవడం కావచ్చు. పొద్దున లేచి ముఖం కడుక్కోవడం పనా? బకెట్టు ఎత్తి సజ్జ మీద పెట్టడమూ అంతే. పడకగదిలో ఏసీ పెట్టించినప్పుడు, దాని బయటి పెట్టె వంటింటి కిటికీ పక్కన బిగించారు. అది ఊదే వేడికి ఆమె ఆ కిటికీ మూసుకుని మూడేళ్ళుగా వండుతోంది. చిన్న ఖర్చుతో దాన్ని వేరే గోడకి మార్చవచ్చని తెలిసినా అడగలేదు, ఇంజినీరై ఉండి. గడి దాటి రాయని మనిషి, గోడ దాటి మాత్రం ఏం అడుగుతుంది? తాను పది రోజులు పోలమ్మ చేతులు కట్టేసి భవనం పాడైందని రాసింది. ఇక్కడ ఇల్లు పాడైందని వీళ్ళు నాలుగు రోజుల్లో తేల్చారు. తేడా ఒక్కటే, వీళ్ళకి ఫార్మాట్ కూడా అక్కర్లేదు.

ఆ సాయంత్రం ఆమె డాబా ఎక్కి ఆరు బకెట్లకి బదులు పది బకెట్ల నీళ్ళు చల్లింది. కోపం వస్తే ఇంకాస్త పని చేయడం తప్ప ఆమెకి వేరే దారి తెలియదు.

జూలైలో ఉప్పు కచేరీ కిటికీలు ఊడదీశారు. ఊడదీస్తుంటే ప్రతి చట్రం లోపలి అంచు మీదా ఉలితో చెక్కిన తెలుగు అంకెలు బయటపడ్డాయి. ౧౭, ౩౨, ౪౮. ఏ రెండు కిటికీలూ ఒక్క కొలత కాదు కాబట్టి, ఏ తలుపు ఏ చట్రానిదో తెలియడానికి ఆనాటి వడ్రంగులు వేసుకున్న గుర్తులు. తీసినవాటిని గుడివాడ పాత కలప దుకాణం వాళ్ళు లారీలో ఎక్కిస్తుంటే పోలమ్మ వరండా మెట్ల మీద కూర్చుని చూసింది. గయ్యాళి లారీ ఎక్కుతూ కూడా అరిచింది. "ఎల్లు, ఎల్లు. అత్తారింటికే గదా," అంది పోలమ్మ. నవ్వలేదు.

"మళ్ళీ మామూలే అన్నావు గదే అమ్మాయ్," అంది కాసేపటికి, లారీ వైపే చూస్తూ. తప్పు పట్టినట్టు లేదు. గుర్తు చేసినట్టుంది.

ఆ నెలాఖరున పోలమ్మని రావద్దన్నారు. వీరలక్ష్మి పురుషోత్తం గారి దగ్గరికి పరుగెత్తింది.

"ఊడ్చే మనిషి కావాలి కదండీ!"

"రోజూ ఎందుకమ్మా? వారానికోసారి ఏజెన్సీ వాళ్ళొచ్చి తుడుస్తారు. కొత్త కిటికీలకి దుమ్ము రాదు. నేనన్నది కాదు, మీ రిపోర్టులోనే ఉంది." కాగితం తీసి చూపించారు. కింద పెన్సిలుతో గీత కూడా గీసి ఉంది. దుమ్ము తగ్గును.

"అది... ఏదో గడి నింపాలని ఊరికే రాశానండి."

"ఊరికే రాస్తే ఎలాగమ్మా? గవర్నమెంటు కాగితం."

వీరలక్ష్మి ఆ రెండు మాటల్నీ చాలాసేపు చూసింది. మంచి పేజీ రాస్తే ఎవరూ ఉంచలేదు. కూతకీ కూతకీ మధ్య ఎడమ చేత్తో కొట్టిన రెండు మాటలు మాత్రం ఒక మనిషిని ఇంటికి పంపాయి.

అక్టోబరులో ఒకరోజు గాలివాన ముసురుకి పొద్దుటి నుంచీ కరెంటు లేదు. కొత్త కిటికీలు జానెడు మించి తెరుచుకోవు. గుమాస్తాలంతా వరండాలోకి వచ్చి నిలబడ్డారు. "ఇలా ఎప్పుడూ లేదండీ ఈ బిల్డింగులో," అన్నారు పురుషోత్తం గారు చెమట తుడుచుకుంటూ. "ఏమైందో ఏంటో." ఈ మాట ఆమెకి ఇంతకు ముందే తెలుసు.

ఇంట్లోనూ గాజు కిటికీలు వచ్చాయి. హాల్లో ఏసీ వచ్చింది. గోనెపట్టా చెత్తబండిలో వేశారు. "నీకొక పని తగ్గింది, రెస్టు తీసుకో," అన్నాడు జయకృష్ణ, ప్రేమగానే. రెండో ఏసీ బయటి పెట్టె కూడా వంటింటి వైపే బిగించారు, ఒకటి ఎలాగూ అక్కడే ఉంది కాబట్టి.

పోలమ్మని వెతుక్కుంటూ వీరలక్ష్మి ఒక మధ్యాహ్నం ఊరి బయట రొయ్యల షెడ్డుకి వెళ్ళింది. ఐసు ముక్కల్లో పోసిన రొయ్యల తలలు గిల్లే పని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి. పోలమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ బయటికొచ్చింది. వేళ్ళు తెల్లగా ఉబ్బి, నానిన గారెల్లా ఉన్నాయి. ఒంగడం లేదు.

"రా అమ్మాయ్. సూడు, సల్లటి ఉద్యోగమే ఇప్పిచ్చావు," అంది.

వీరలక్ష్మి మొహం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

"ఏడవమాక. నవ్వటాలకన్నాలే." ఆ వేళ్ళతోనే ఆమె చేయి పట్టుకోబోయి, చల్లగా ఉంటాయని వెనక్కి తీసుకుంది. "గయ్యాళి దాన్ని ఎవురన్నా కొన్నారంటనా?"

"తెలీదు పెద్దమ్మా."

"కొన్నోళ్ళకి సెప్పాల్సింది. దాని కింది బందు కాస్త పైకెత్తి తోయాలి. ఆ కిటుకు తెలీక పగలగొడతారు." లోపలి నుంచి ఎవరో కేకేశారు. "ఎల్తా. కర్ర పట్టుకుందామన్నా వేళ్ళు రావడం లేదులే ఇప్పుడు. దానికదీ సరిపోయింది."

ఆ వారంలోనే పథకం పూర్తయినట్టు ఆన్‌లైన్ ఫారం నింపాల్సి వచ్చింది. వీరలక్ష్మి ఆఫీసు బల్ల ముందు కూర్చుంది. పదిహేడో ప్రశ్న: 'మార్పులకు ముందు భవనంలో చల్లదనానికి ఏర్పాటు ఏదైనా ఉందా?' ఉంది, లేదు, రెండే మాటలు. అందరూ లేదు అని నొక్కుతారు. నొక్కితే తర్వాతి పేజీ వస్తుంది, కాంట్రాక్టు ఇంకో ఏడాది సాగుతుంది. ఆమె ఉంది అని నొక్కింది. కింద ఇంకో వరస తెరుచుకుంది. ఫ్యాన్లు, కూలర్లు, ఏసీలు, ఇతరములు. ఇతరములు నొక్కింది. ఒక చిన్న గడి వచ్చింది. పోలమ్మ అని కొట్టింది. ఎర్ర అక్షరాలు పడ్డాయి: అంకెలు మాత్రమే. మళ్ళీ కొట్టింది. అంకెలు మాత్రమే. ఆమె కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత, 1 అని కొట్టి పంపేసింది.

మర్నాడు రాంప్రసాద్ గారు ఫోను చేశారు.

"ఏమ్మా, ఇతరములు ఒకటి అని పెట్టావు. ఏంటది? కూలరా?"

"కాదండి. మనిషండి."

అటు నుంచి కీబోర్డు టకటక వినపడింది.

"టైపింగ్ మిస్టేక్ అనుకుని తీసేస్తానమ్మా."

"మిస్టేక్ కాదండి."

"తెలుసమ్మా," అన్నారాయన. "అయినా తీసేస్తున్నాను."

తీసేశారు. మార్చితో ఆమె కాంట్రాక్టు కూడా అయిపోయింది, పొడిగించలేదు. "పోనీలే, ఇంట్లో ఉండు," అన్నారు అత్తగారు. "ఇప్పుడు ఇల్లు కూడా చల్లగానే ఉంది కదా." వీరలక్ష్మి ఇప్పుడు రెండు పెట్టెలు ఊదే వేడిలో కిటికీ మూసుకుని వండుతోంది. ఆ ఒకటి కొట్టినందుకు ఏమీ మారలేదు. మారుతుందని ఆమె కొట్టలేదు కూడా.

ఫారంలో పేరు పట్టలేదు, అంకె కూడా నిలవలేదు కాబట్టి, ఆ పేరు ఇక్కడ రాయవలసి వచ్చింది. మీరెప్పుడైనా ఎండాకాలంలో బందరు వస్తే, మధ్యాహ్నం మూడింటికి గాలి సముద్రం వైపు నుంచి మళ్ళుతుంది. ఒంటికి తగిలితే తెలుస్తుంది. ఆ గాలి కోసం ముప్పై ఒక్క ఏళ్ళు తడి కొంగు పట్టుకుని నిలబడి, అది రాగానే ఎవరి కోసమో కిటికీలు తెరిచిన మనిషి ఒకావిడ ఉండేది. ఆవిణ్ణి గుర్తు పెట్టుకోండి. పేరు పోలమ్మ. ఊరు గిలకలదిండి.